పడవలో నిరుటి పెట్రోలు

2025 ఆగస్టులో రాజధానిలో నలుగురు కూడిన చోటల్లా పెట్రోలు ప్రసక్తే వినిపించింది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఇంధనం వల్ల మైలేజి తగ్గుతున్నదని, పాత వాహనాల ఇంజన్లు దెబ్బతింటున్నవని వాహనదారులు ఆరోపించారు. ఆ భయాలు చాలావరకు నిరాధారమని పెట్రోలియం మంత్రిత్వ శాఖ ప్రకటన వెంట ప్రకటన చేసింది. ఇథనాల్ లేని పెట్రోలును కూడా అమ్మాలని, బంకుల వద్ద కలిపిన పాళ్ళు స్పష్టంగా రాయాలని కోరిన పిటిషన్‌ను సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చడంతో వివాదం కొంత చల్లబడింది. ఆ వాదోపవాదాలను శ్రద్ధగా విన్నవారిలో నేనూ ఒకణ్ణి. అందులో నాకు కారు యజమాని కనిపించాడు. స్కూటరు కుర్రవాడు కనిపించాడు. చెరకు రైతు, మొక్కజొన్న రైతు, చమురు దిగుమతి బిల్లు అన్నీ కనిపించాయి. ఏడాదిలో ఎనిమిది నెలలు కదలక పడి ఉండి, తక్కిన నాలుగు నెలల్లో మనుషుల ప్రాణాలు కాపాడవలసిన వరద పడవ మాత్రం కనిపించలేదు.

ఆ పడవను నేను కొంటాలో చూశాను.

దక్షిణ బస్తర్ కొసన, శబరి ఒడ్డున ఉన్న ఊరు కొంటా. పటంలో అది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం, సుక్మా జిల్లా. వీధిలో వినిపించేవి తెలుగు, కోయ, దోర్ల మాటలు. ఎదుటి గట్టు ఒడిశా. కొంచెం దిగువకు పోతే ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు. మోటు వద్ద సీలేరును కలుపుకున్న శబరి, కూనవరం వద్ద గోదావరిలో పడుతుంది. గోదావరి పొంగిన రోజున శబరి నీటికి పోయే దారి ఉండదు. ఎగపోటు తన్ని, నది వెనక్కి నడిచినట్లుగా నీరు కొంటా దాకా ఎక్కి వస్తుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు కొంటా, చింతూరు ప్రాంతాలను నీరు చుట్టుముట్టింది. విజయవాడ నుంచి జగదల్‌పూర్ పోయే జాతీయ రహదారి మునిగిపోయింది. 1986 ఆగస్టులో అదే భద్రాచలం వద్ద 75.6 అడుగుల మట్టం నమోదయింది. పోలవరం గూర్చి ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్ ప్రభుత్వాలు 1978 ఆగస్టు 7న చేసుకున్న ఒప్పందంలో కొంటా వద్ద నీటిమట్టం 150 అడుగులు మించరాదన్న షరతు ఉంది. అంటే కొంటాకు నీరు వస్తుందన్న సంగతి ఢిల్లీ ఫైళ్ళకు కొత్త కాదు. ఆ నీటిలో తిరగవలసిన పడవ సంగతే కొత్త.

2025 జూన్ చివరి వారంలో ముంపు గ్రామాల పరిస్థితి చూద్దామని అటు వెళ్ళాను. వరద ఇంకా రాలేదు. ఒడ్డున ఒక చిన్న మరపడవ ఉన్నది. వరదల్లో అధికారులు కిరాయికి పిలుచుకునే పడవ అది. నన్ను నదిలో కొంత దూరం తిప్పి చూపించడానికి యజమాని ఒప్పుకున్నాడు. తాడు లాగాడు, ఇంజను దగ్గింది, ఆగింది. పదిసార్లు, పదిహేనుసార్లు లాగాడు. చెమటలు పట్టాయిగాని ఇంజను పలకలేదు. చివరకు గొట్టం ఊడదీసి, ట్యాంకు అడుగు నుంచి కొంత పెట్రోలును ఒక ఖాళీ నీళ్ళ సీసాలోకి వంచి, ఎండకు ఎత్తి నాకు చూపించాడు. సీసాలో రెండు పొరలు. మధ్య గీత గీసినట్లున్నది.

“సారూ, పైది పెట్రోలు. కిందది ఏందో దేవుడికే ఎరుక,” అన్నాడు.

ఎప్పటిదని అడిగాను. “నిరుడు దసరాకు బండి ఆపిన. అప్పుడు సగం ట్యాంకు ఉండె. నూరు రూపాయలు పెట్టి కొన్నది ఎవడు పారబోస్తడు సారూ?”

అతని ప్రశ్నలో న్యాయం ఉంది. మరుసటి సీజనుకు పనికివస్తుందని మిగిలిన పెట్రోలును ట్యాంకులో ఉంచుకోవడం దుబారా కాదు, పొదుపు. వెనుకటి పెట్రోలు విషయంలో ఆ పొదుపు చాలావరకు చెల్లింది కూడా. ఇప్పుడు పెట్రోలే మారింది. మారిందన్న వార్త నగరాల్లో కార్లవారికి చేరిందిగాని, శబరి ఒడ్డుకు చేరలేదు.

నేను ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాణ్ణి, ఇంజనీరును కాను. అందువల్ల ఢిల్లీ తిరిగి వచ్చాక తెలిసినవారిని అడిగి, చదివి గ్రహించినది ఇది. పెట్రోలుకు నీటితో పొత్తు లేదు; ఇథనాల్‌కు నీరంటే ఆకలి. పెట్రోలులో ఇథనాల్ కలిసినప్పుడు, ట్యాంకులో చేరిన తేమను అది తనలోకి తీసుకుని కొంతవరకు మోస్తుంది. పది శాతం ఇథనాల్ ఉన్న లీటరు పెట్రోలు మోయగలిగిన నీరు సుమారు ఐదు మిల్లీలీటర్లు, అనగా ఒక టీ చెంచాడు. ఆ హద్దు దాటితే ఇథనాల్ పెట్రోలును విడిచి నీటి పక్షం చేరి, రెండూ కలిసి అడుగుకు దిగిపోతాయి. ఇరవై శాతం ఉన్నది మరికొంత నీటిని ఓర్చుకుంటుంది, నిజమే. కాని విడిపోయిన రోజున అడుగున చేరే పొర కూడా ఆ మేరకు మందంగా ఉంటుంది. ఇంజనుకు ఇంధనం తీసుకుపోయే గొట్టం మొన ఉండేది ఆ అడుగునే. పైన మిగిలిన పెట్రోలు కూడా ఇథనాల్‌ను పోగొట్టుకుని నాసిరకమవుతుంది. ఒకసారి విడిపోయిన దానిని మళ్ళీ కలపగల మందు లేదు.

సగం నిండిన ట్యాంకు ఊపిరి పీల్చి వదులుతుందని చెబితే వింతగా ఉండవచ్చు. పగటి వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. రాత్రి చల్లబడినప్పుడు బయటి తేమగాలి లోపలికి వస్తుంది. గాలి రంధ్రం మర బిగించకపోతే వాన చుక్కలూ దిగుతాయి. చలిదేశాల్లో పడవలు నిలిపేది శీతకాలంలో. మన నదుల మీద వరద పడవలు నిలిచిపోయేది నవంబరు నుంచి జూన్ వరకు. అందులో బస్తర్ ఎండాకాలం మొత్తం ఉంది. ఆ ఎండకు పెట్రోలులో తేలికగా మండే భాగం ఆవిరైపోతుంది. మిగిలినది గాలితో కలిసి జిగురు కట్టి, కార్బొరేటరులోని సన్నని రంధ్రాలను మూస్తుంది. పాత ఇంజన్లలోని రబ్బరు గొట్టాలను, వాషర్లను ఇథనాల్ మెత్తబరుస్తుంది. అన్నీ ఒక్క ట్యాంకులో జరగవలసిన పని లేదు. ఒక్కటి జరిగితే చాలు, వరదరోజున తాడు లాగే చేయి నొప్పిపుట్టడానికి.

గోదావరి మీది పెద్ద లాంచీలు డీజిలుతో నడుస్తాయి కాబట్టి ఈ బెడద వాటికి లేదు. కాని ఇళ్ళ మధ్యకు, చెట్ల మధ్యకు దూరి మనుషులను దించుకురాగలిగేది లాంచీ కాదు. వెనుక ఇంజను తగిలించిన చిన్న పడవ, గాలి నింపిన రబ్బరు పడవ. వీటి ఇంజన్లు ఎక్కువగా పెట్రోలువే.

మరి సీజను ముగియగానే ట్యాంకు ఖాళీ చేయకూడదా? వరద పనులు చూసి రిటైరైన ఒక రెవెన్యూ ఉద్యోగిని ఈ ప్రశ్న అడిగాను. ఆయన నవ్వి, “పడవ పద్దు కింద కొన్న పెట్రోలు జీపులో పోస్తే ఆడిటు అభ్యంతరం. పారబోస్తే దుర్వినియోగం. ట్యాంకులో ఉంచితే నిల్వ. నిల్వకు ఎవరూ సంజాయిషీ అడగరు,” అన్నారు. పడవను చెడగొట్టేది ఇథనాల్ ఒక్కటే కాదని ఆ మాటతో నాకు బోధపడింది. లెక్కల పుస్తకంలో నిక్షేపంగా ఉన్న ఇరవై లీటర్లు ట్యాంకులో నీళ్ళ కింద లెక్క.

ప్రైవేటు పడవవారి చిక్కు వేరు. తీసిన పెట్రోలును వారు ప్లాస్టిక్ డబ్బాలో పోసి ఇంటి మూలన పెడతారు. 1934 నాటి పెట్రోలియం చట్టం అమ్మకానికి కాని పెట్రోలును 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోనిస్తుంది. అయితే గట్టి మూత గల గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రలోనే ఉండాలని, లోహపు పాత్ర 25 లీటర్లకు మించరాదని నియమం. పొయ్యి వెలిగే ఇంట్లో ప్లాస్టిక్ డబ్బా పెట్రోలు ఎంత అపాయమో చెప్పనక్కరలేదు. కాని ఈ నియమం పడవవారికి చెప్పినవారు ఎవరు?

ఇథనాల్ విధానం తప్పని నేను అనడం లేదు. 2014లో సుమారు 1.5 శాతంగా ఉన్న మిశ్రమం 2022 జూన్‌లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. మొదట 2030కి అనుకున్న గమ్యాన్ని ఐదేళ్ళు ముందుగా అందుకున్నారు. 2014–15 నుంచి 2025 జూలై వరకు 1.44 లక్షల కోట్ల రూపాయలకు పైగా విదేశీ మారకం మిగిలిందని ప్రభుత్వం చెబుతున్నది. చమురుకు పరాయి దేశాల మీద ఆధారపడిన దేశానికి అది చిన్న సంగతి కాదు. ఇథనాల్ లేని రోజుల్లోనూ పాత పెట్రోలు చెడేది, ట్యాంకులో నీరు చేరేది. నా ఫిర్యాదు వేరు. దేశంలోని ప్రతి ట్యాంకులో పోసే ద్రవాన్ని మార్చినప్పుడు, ప్రతిరోజూ ట్యాంకు ఖాళీ చేసే వాహనాన్ని తలచుకున్నారు. ఎనిమిది నెలలు నిలిచిపోయే ఇంజనును తలచుకోలేదు.

ఈ తేడాను గుర్తించిన దేశాలు ఉన్నాయి. అమెరికాలో 2010, 2011 సంవత్సరాల్లో పదిహేను శాతం ఇథనాల్ మిశ్రమానికి అనుమతి ఇచ్చినప్పుడు దానిని 2001, ఆ తరువాతి మోడలు కార్లకు పరిమితం చేశారు. పడవలకు, మోటారు సైకిళ్ళకు, తోటపని యంత్రాలకు అది నిషిద్ధం. ఆ మాట బంకులో పంపు మీదనే అంటించి ఉంటుంది. ఇక బ్రెజిల్ 2025 ఆగస్టు 1 నుంచి 30 శాతం కలుపుతున్నది గదా అని మనవారు ఉదహరిస్తారు. నిజమే, కాని అక్కడ ఇథనాల్ కార్యక్రమం మొదలైనది 1975లో. వాహనాలూ జనమూ దానికి అలవాటు పడడానికి అర్ధ శతాబ్దం పట్టింది. మనం పదకొండేళ్ళలో వచ్చాం. త్వరగా వచ్చినవారు వెనుక ఎవరు మిగిలారో ఒకసారి చూసుకోవాలి.

చేయవలసిన పనికి కోట్లు అక్కరలేదు. వరద కాలం ముగిసిన వెంటనే ఇంధన గొట్టం తీసివేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపితే కార్బొరేటరు ఖాళీ అవుతుంది. చిన్న ట్యాంకును పూర్తిగా వంచి, ఆరబెట్టి, మూత బిగించాలి. ఖాళీ చేయ వీలుకాని పెద్ద ట్యాంకైతే, వ్యాకోచానికి కాస్త చోటు విడిచి దాదాపు అంచు దాకా నింపి, నిల్వ మందు కలపాలి. గాలికి చోటు లేకుంటే తేమకూ చోటు తక్కువ. తీసిన పెట్రోలు ఇంకా విడిపోకుండా ఉంటే కొద్దిరోజుల్లో మరొక ఇంజనులో వాడేయాలి. నూనె కలిపినదైతే అటువంటి నూనె మిశ్రమంతో నడిచే ఇంజనులోనే పోయాలి. విడిపోయినదానిని నదిలో ఒంపరాదు. గొట్టానికి నీటిని వేరుచేసే వడపోత ఒకటి తగిలించాలి. మే నెలాఖరున కొత్త పెట్రోలు పోసి, ప్రతి వరద పడవను నీటిలో దించి అరగంట నడపాలి.

ఢిల్లీ చేయవలసినవి మూడు. పెట్రోలియం శాఖ ఈ జాగ్రత్తలను తెలుగు, ఒడియా, హిందీ, గోండీ భాషల్లో ఒక్క పేజీగా అచ్చువేసి నదీతీరపు బంకులకు పంపాలి. సహాయక దళాల పడవలకు, వరదల్లో పిలిచే ప్రైవేటు పడవలకు ఇథనాల్ లేని పెట్రోలు కొద్దిపాటిగానైనా కేటాయించడం సాధ్యమేమో పరిశీలించాలి. అన్నిటికంటె ముఖ్యం, మిగిలిన పడవ పెట్రోలును అక్టోబరులో మరొక ప్రభుత్వ వాహనానికి బదిలీ చేయడం తప్పు కాదని, చేయకపోవడమే తప్పని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ రాష్ట్రాలకు రాతపూర్వకంగా చెప్పాలి. కొంటా వంటి చోట ఈ ఉత్తర్వు మరీ అవసరం. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఒకరి పడవ కదలకపోతే ఇంకొకరి పడవ వస్తుందని అందరూ అనుకుంటారు. వరద మాత్రం మూడు గట్లకూ ఒకేరోజు వస్తుంది.

ఆనాడు ఒడ్డున పడవ యజమాని ట్యాంకు కడిగి, బంకుకు మనిషిని పంపి కొత్త పెట్రోలు తెప్పించి, కార్బొరేటరు విప్పి ఊది మళ్ళీ బిగించాడు. గంటన్నర తరువాత ఇంజను పలికింది. నాకు ఆ గంటన్నర కేవలం ఆలస్యం. ఇంటికప్పు మీద నిలబడి నీరు ఎక్కడం చూస్తున్నవారికి గంటన్నర అంటే ఏమిటో ఆలోచించవలసింది విధానాలు రాసేవారు. ఏరు దాటాక తెప్ప తగలేయడం గూర్చి మన పెద్దలు సామెత చెప్పారు. మనం తెప్పను తగలేయడం లేదు. సగం ట్యాంకుతో చెట్టు కింద వదిలి, మరుసటి వరదకు అదే మనను దాటిస్తుందని నమ్ముతున్నాం. జూలైలో పడవ కదులుతుందా లేదా అన్నది అంతకుముందు అక్టోబరులోనే తేలిపోతుంది.