వస్త్రధారణము: స్త్రీలకు వదులుకోటు

పురుషుల కోటువలె విశాలముగా కుట్టిన బ్లేజరును నేడు పెక్కుమంది స్త్రీలు ధరించుచున్నారు. ఇది నిన్నటి వింత కాదు. 1930లో వెలువడిన మొరాకో చలనచిత్రమున మార్లీన్ డీట్రిచ్ పురుషుల విందుదుస్తులతో కనుపించెను. 1966లో ఈవ్ సెయింట్ లారెంట్ పారిసునగరమున అట్టి కోటును స్త్రీల కొలతలకు కుట్టించి ప్రదర్శించెను. అయినను, వదులుకోటనగా తన కొలతకు మించిన కోటని తలచి డబ్బు పోగొట్టుకొనువారు కలరు.

కోటు కొనునపుడు మొదట భుజమును చూడవలెను. కుట్టు భుజాగ్రమును దాటి 1 అంగుళము వరకు దిగిన నందముగానే యుండును. అంతకు మించి జారినచో కోటు మనలను మ్రింగినట్లుండును. ప్రక్కలను దర్జీ సులభముగా సవరింపగలడు. భుజము మార్చవలెనన్న, చేయి యూడదీసి, లోని మెత్తను, అస్తరును విప్పి మరల కుట్టవలెను, కూలి యెక్కువగును. పొడవు తగ్గించినను జేబులు అంచునకు చేరువై రూపు చెడును. చేతిగుండీలకు నిజమైన కాజాలున్నచో చేయి కురుచచేయుటయు కష్టమే.

ఇంటిపెట్టెలో అన్నగారి పాతకోటున్నచో దానినే తొడిగి చూడుడు. పురుషుల కోటునకు గుండీలు కుడివైపున నుండును, స్త్రీల కోటున కెడమవైపున. ఇది లోపము కాదు. పైగా అందు లోపలిజేబు లభించును. స్త్రీల కోట్లలో పెక్కింట జేబు ఆకారమే గాని లోతుండదు. వెల యిచ్చు మనము జేబును కోరుటలో తప్పేమి? చేయిపెట్టి చూచి మరీ కొనుడు. క్రొత్తకోటు జేబులపైనను, వెనుక చీలికపైనను వేసిన తాత్కాలికపు కుట్లను విప్పియే ధరింపవలెను.

కోటు వెడల్పైనప్పుడు లోపలి దుస్తులు ఒంటికి హత్తినట్లుండవలెను. శీతలదేశములందు వసించు తెలుగు వనితలు చీరపై ధరించునపుడు, పైటను సన్నని మడతలుగా పెట్టి పిన్నుతో నిలిపినచో భుజము ఉబ్బదు.

తుదకు అంగడిలోనే ఒకమారు కూర్చుండి, చేతులు ముందునకు చాచి చూచుకొనుడు. ఉద్యోగమునకై పదిమంది యెదుట కూర్చుండబోవు స్త్రీకి మనస్సు మాటపై నిలువవలెను గాని, జారుచున్న కోటుపై కాదు.