ఐబొమ్మ బందైంది.. మరి యాప్‌లు ఎప్పుడు మారుతయి?

2025 నవంబర్‌ల ఐబొమ్మ, బప్పం సైట్లు మూతపడ్డయి. వాటిని నడిపించిండన్న కేసుల ఒకతన్ని హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు పట్టుకున్నరు. సీపీ సజ్జనార్ ప్రెస్‌మీట్ పెడితే చిరంజీవి, నాగార్జున, రాజమౌళి, దిల్ రాజు పోయి థ్యాంక్స్ చెప్పిండ్రు. ఫిల్మ్‌నగర్ సంబురపడ్డది. సోషల్ మీడియాల మాత్రం మస్తుమంది పట్టుబడ్డ మనిషి దిక్కే మాట్లాడిండ్రు. దొంగ సైటు మీద జనానికి గింత పావురం ఎందుకు? సినిమా పెద్దలు జర ఆలోచించాల్సిన ముచ్చటిది.

ముందుగాల ఒక మాట. ఐబొమ్మ ఫ్రీ అనుకునుడు ఉత్త భ్రమ. పోలీసులు చెప్పిన లెక్క ప్రకారం హార్డ్ డిస్కులల్ల 21 వేల సినిమాలతోని పాటు 50 లక్షల మంది డేటా దొరికింది. సైటుకొచ్చినోళ్లను బెట్టింగ్ యాప్‌ల దిక్కు మళ్లించిండ్రని గూడ చెప్పిండ్రు. టికెట్ పైసలు మిగిలినయనుకున్న పిలగాడు రమ్మీల జీతం పోగొట్టుకుంటే అది ఫ్రీ ఎట్లయితది? అయితే బెట్టింగ్ యాప్‌ల ప్రచారం కేసుల అదే 2025ల కొందరు సినిమా నటులను గూడ ఈడీ పిలిచి అడిగింది. ఆ పాపం ఒక్క పైరసోళ్లదే అంటే కుదరదు.

'హీరోలకు కోట్లున్నయి, వాళ్లకేం నష్టం' అనేటోళ్లు ఒకసారి కృష్ణానగర్ పోయి చూడాలె. 2025 ఆగస్టుల లైట్‌మెన్, మేకప్‌మెన్, సెట్ పని చేసేటోళ్లు 30 శాతం కూలి పెంచుమని 18 రోజులు షూటింగులు బంద్ పెట్టిండ్రు. ఆఖరికి దక్కింది 22.5 శాతం, అది గూడ మూడేండ్లల్ల. సినిమాకు రావాల్సిన పైసలు తగ్గితే ముందుగాల కోత పడేది వీళ్ల కూలికే.

ఇగ అసలు ముచ్చటకొద్దాం. దొంగతనం సంగతి పక్కకు పెట్టి ఐబొమ్మను ఒక సాఫ్ట్‌వేర్ లెక్క చూడుండ్రి. లాగిన్ లేదు, ఓటీపీ లేదు. సినిమాలన్ని ఒక్కకాడనే. ఫైలు సైజు చిన్నది, తక్కువ డేటా ఉన్నోళ్లకు గూడ నడిచేది. తెలుగోళ్ల ఫోను, తెలుగోళ్ల జేబు తెలిసి కట్టిన దుకాణమది.

మరి పైసలు కట్టే యాప్‌ల కథ ఏంది? 2022 మేల 'ఆర్ఆర్ఆర్' ఓటీటీకి వస్తే తెలుగు జీ5ల, హిందీ నెట్‌ఫ్లిక్స్‌ల పెట్టిండ్రు. ఒక్క సినిమాకే రెండు దుకాణాలు! ప్రైమ్ వీడియోల 2025 జూన్ 17 నుంచి ప్రకటనలు మొదలైనయి. వద్దంటే ఏడాదికి ఇంకో 699 రూపాయలు కట్టాలె. నెట్‌ఫ్లిక్స్ 149 ప్లాన్ టీవీల నడువది. ఇగ జియోహాట్‌స్టార్, ఆహా, ఈటీవీ విన్ వేరే. ఏ సినిమా ఏడున్నదో ఎతుక్కునుడే ఒక పనైంది. పైసలు కట్టినోడికి తిప్పలు, దొంగ సైటుకు పోయినోడికి సుఖం. ఇదేం లెక్క?

ఈ రోగానికి మందు కొత్తదేం గాదు. 2007 ప్రాంతంల ఫుట్‌పాత్‌ల మీద దొంగ సీడీలు రాజ్యమేలుతున్నప్పుడు మోసర్ బేర్ కంపెనీ 28 రూపాయలకే అసలు వీసీడీ, 34కే డీవీడీ అమ్మింది. దొంగ సరుకు ధరకే మంచి సరుకు దొరుకుతుంటే జనం కొన్నరు.

నిర్మాతల బాధ గూడ ఉన్నది. ఒక్క యాప్‌కే హక్కులిస్తేనే పెద్ద మొత్తం వస్తది, ఆ పైసల మీదనే బడ్జెట్ నిలబడుతది. సరే, ఏడాది పాటు ఆ యాప్‌కే ఉండనీయుండ్రి. ఆ తర్వాతనన్న 20, 30 రూపాయలు యూపీఐల కొడితే రెండు రోజులు చూసే ఏర్పాటు చేయొచ్చు గదా. ఫిల్మ్‌నగర్‌ల ఫిల్మ్ చాంబర్‌కు పైరసీని అడ్డుకునే విభాగం ఎప్పటినుంచో ఉన్నది. ఏ తెలుగు సినిమా ఏ యాప్‌ల ఉన్నదో చెప్పే ఒక్క పేజీ పెట్టుడు దానికి కష్టమా? అల్లు అరవింద్ 2020ల ఆహా పెట్టి తెలుగుకు సొంత యాప్ నడుస్తదని చూపెట్టిండు. ఇప్పుడు తెలుగు సినిమాలన్ని దొరికే జాగ కావాలె.

చట్టం గట్టిగనే ఉన్నది. 2023 సవరణతోని పైరసీకి మూడేండ్ల దాక జైలు, సినిమా ఖర్చుల 5 శాతం దాక జరిమానా. ఆ చట్టం వచ్చినంక గూడ ఐబొమ్మ రెండేండ్లు నడిచింది. రేపు ఇంకో పేరుతోని ఇంకోటొస్తది. పోలీసులు వాళ్ల పని వాళ్లు చేస్తరు. సినిమాను సులువుగ, అగ్గువగ, ఒక్కకాడ అమ్ముడు మాత్రం జూబ్లీహిల్స్ ఆఫీసుల కూసున్నోళ్ల పని. అది పోలీసులు చేసిపెట్టరు.