ఇంటిల్లిపాదికీ సీసాలు – ఇల్లాలికి మూతలు

ఇప్పుడు ఏ మధ్యతరగతి ఇంటికి వెళ్ళినా భోజనాల బల్ల మీద ఆవకాయ జాడీ ఓ మూలకి జరిగిపోయింది. దాని చోట సీసాలొచ్చి కూర్చున్నాయి. ఒకటా, రెండా! జుట్టుకొకటి, గోళ్ళకొకటి, కీళ్ళకొకటి, 'ఇమ్యూనిటీ'కొకటి. కరోనా వచ్చి వెళ్ళింది గానీ, అది వెంటబెట్టుకొచ్చిన సీసాలు మాత్రం పండక్కొచ్చిన చుట్టాల్లా ఇంకా కదలడం లేదు. హన్మకొండ, కాజీపేట, వరంగల్లు... మూడూళ్ళలో ఎక్కడైనా సరే ఓ పేరంటానికి వెళ్ళి చూడండి. తాంబూలంతో పాటు ఓ రంగుల కాగితం చేతిలో పడుతుంది. "వదినా, నేను మూడు నెలలసంది వాడుతున్న, ఎంత ఫరకున్నదో చూడు! నువ్వు గూడ మెంబరైతే నీకు తక్కువల వస్తది" అని చెవి దగ్గర మొదలవుతుంది. పసుపు బొట్టుకని పిలిచి పౌడరు డబ్బా అంటగట్టే ఈ ఆచారం ఏ వ్రతకథలోనూ లేదు. అయినా మనం మొహమాటపడి కొనేస్తాం.

కొనడం మాట అలా ఉంచండి. ఆ బల్ల మీది సీసాలు ఎవరెవరివి? నేను అడుగుతూ ఉంటాను. నవలలు రాసేవాళ్ళకి పరాయివాళ్ళ అలమరాల్లోకి తొంగిచూసే జబ్బుంటుంది లెండి. ప్రొటీను డబ్బా ఇంటర్ చదివే అబ్బాయిది. నల్లమూత మల్టీవిటమిను ఆయనది. కాల్షియం అత్తగారిది. జుట్టు ఊడుతోందని అమ్మాయికి బయోటిన్. "మరి మీదేదండీ?" అంటే ఆ ఇల్లాలు నవ్వేస్తుంది. "నాకెందుకండీ, బాగానే ఉన్నాగా!" అంటుంది. ఆ బాగానే ఉన్నావిడ రెండో అంతస్తు మెట్లెక్కేసరికి గోడ పట్టుకుని ఆగుతుంది. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల సున్నం కొట్టినట్టుంటుంది. అందరికీ వేళకి సీసాల మూతలు తీసి ఇవ్వడం వరకే ఆవిడ వంతు.

నా తగాదా అక్కడ. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నించి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. తెలంగాణ లెక్కా ఇంచుమించు అదే. మగవాళ్ళలో దేశం మొత్తం మీద నూటికి 25 మందికే. అంటే మన పేరంటంలో ఇరవై మంది పట్టుచీరలు కట్టుకుని కూర్చుంటే అందులో పదకొండు మంది ఒంట్లో రక్తం చాలకుండానే హారతి పాట పాడుతున్నారన్నమాట. ఇది కూలిపనులు చేసుకునేవాళ్ళ గొడవేలే అనుకుంటారేమో, మన కాలనీలను ఆ సర్వే వదిలిపెట్టలేదు.

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన లెక్కలో మగవాడికి రోజుకి 19 మిల్లీగ్రాముల ఇనుము చాలు, ఆడదానికి 29 కావాలి. కారణం ప్రత్యేకం చెప్పక్కర్లేదు, నెలనెలా పోయేది మనకే తెలుసు. మరి మన వంటిళ్ళలో వడ్డన ఎలా జరుగుతుంది? తిరగేసి! మాంసం వండితే కార్జం ముక్క ఆయన కంచంలోకి, గుడ్డు అబ్బాయి కంచంలోకి, అడుగంటిన పులుసూ గిన్నె గీకినదీ మనకి. 29 కావలసినావిడ గిన్నె కడుక్కుంటుంటే 19 చాలేవాడికి మారు వడ్డన. దీనికి సంప్రదాయమని పేరు.

ఇక్కడ తప్పకుండా ఓ పెద్దాయన గొంతు సవరించుకుంటారు. "మా అమ్మమ్మ ఏం మాత్ర మింగిందమ్మా? తొంభై ఏళ్ళు బతికింది. అంతా ఆకుకూరల మహిమ!" అని. అయ్యా, మీ అమ్మమ్మగారు నిండు నూరేళ్ళు బతకనివ్వండి, సంతోషమే. కానీ ఆ తొంభై ఏళ్ళావిడ మీ తాతగారికి రెండో భార్య అయివుండచ్చు. మొదటావిడ పురిట్లో పోయుంటుంది. ఆవిడ ఫొటో ఏ గోడ మీదా ఉండదు కాబట్టి లెక్కలోకి రాదు. బతికినవాళ్ళని చూపించి పాతకాలం గొప్పదనడం తేలికే, పోయినవాళ్ళు వచ్చి కాదనరుగా!

ఆకుకూరల మాటకొస్తే, తినాలి, రోజూ తినాలి. కానీ ఆకుల్లోని ఇనుము మన ఒంటికి పట్టేది చాలా కొద్ది. హిమోగ్లోబిన్ ఎనిమిదికి పడిపోయినావిడకి "పాలకూర తిను, బెల్లంముక్క నోట్లో వేసుకో" అని చెప్పి పంపేయడం, అప్పులవాడు గుమ్మంలో కూర్చుంటే "పొదుపు చెయ్యి" అనడం లాంటిది. అలాంటప్పుడు మాత్ర వెయ్యాల్సిందే. సీసాలమ్మే వదినగారి మీద నాకెంత కోపమో, ఈ అమ్మమ్మల పెద్దాయన మీదా అంతే కోపం. ఒకరు అక్కర్లేని మాత్ర మింగిస్తారు, ఇంకొకరు కావలసిన మాత్ర మింగనివ్వరు.

మాత్ర అంటే పరాయి దేశపు సొమ్మని ముక్కు విరిచేవాళ్ళకి ఓ కథ చెప్పాలి. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే బీద గర్భిణీ స్త్రీలు తెల్లగా పాలిపోయి చనిపోతున్నారు. రోగక్రిమి ఏదో ఉందని అందరూ వెతుకుతుంటే ఈవిడ వాళ్ళ కంచాల్లోకి తొంగిచూసింది. ఈస్టు నించి తీసిన మార్మైట్ అనే చవకరకం ముద్ద తినిపిస్తే వాళ్ళు కోలుకున్నారు. 1931లో ఆ సంగతి ప్రకటించింది. అందులో ఉన్నదేమిటో అప్పటికి తెలీదు. తర్వాత 1941లో పాలకూర నించి ఆ పదార్థాన్ని విడదీసి ఫోలిక్ ఆమ్లం అని పేరుపెట్టారు. లాటిన్‌లో 'ఫోలియం' అంటే ఆకు. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి చూపించింది అమెరికాలో లెడర్లీ కంపెనీ బృందం. ఆ బృందాన్ని నడిపించినాయన మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు! సొంత అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో, తిన్నది ఒంటబట్టక నీరసించి పోతే చూసినవాడు. ఆ జబ్బుకి పనికొచ్చిన మందుల్లో ఈ ఫోలిక్ ఆమ్లం ఒకటి. 1948లో ఆయన పోయారు. మన తెలుగాయన చెయ్యి పడ్డ ఆ మందే ఇవాళ ఇనుముతో కలిసి ఎర్ర మాత్రగా మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఊరికే ఇస్తున్నారు.

ఊరికే ఇస్తారు కాబట్టే దానికి విలువ లేదు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. 2018లో మొదలైన రక్తహీనత నిర్మూలన కార్యక్రమం కింద గర్భిణికి నాలుగో నెల నించి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు. మామూలు ఆడవాళ్ళకి వారానికొకటి. బడికెళ్ళే పెద్ద పిల్లలకి నీలం మాత్ర. మన కాలనీల్లో ఎవరైనా వెళ్ళి అడిగి తెచ్చుకున్నారా? "ఛ, గవర్నమెంటు మాత్రలా! అవి అంగన్‌వాడీకి పోయేవాళ్ళవి!" అంటాం. ఆ అంగన్‌వాడీలో 2015 నించి ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకి గుడ్డూ పాలూ కలిపి భోజనం పెట్టి, తిన్నదాకా దగ్గరుండి చూస్తారు. మన ఇంట్లో కోడలు తిన్నదో లేదో చూసే దిక్కుందా? పరువు కోసం వెయ్యి రూపాయల గులాబీరంగు సీసా కొంటాం. దాని మీద ఇనుమెంతుందో చిన్నక్షరాల్లో వెతికితే, చాలావాటిలో ఆ ఎర్ర మాత్రకి సగం కూడా తేలదు!

సరే, విమర్శిస్తే సరిపోదు, చవగ్గా ఏం చెయ్యాలో చెప్పమంటారు. అన్నిటికంటే ముందు రక్తపరీక్ష చేయించుకోండి. గర్భిణి కాని ఆడదానికి హిమోగ్లోబిన్ 12 ఉండాలి, గర్భిణికి 11. తక్కువుంటే డాక్టరుకి చూపించండి. పొట్టలో నులిపురుగులుండచ్చు, నెలసరి మరీ ఎక్కువ పోతూండచ్చు, పుట్టుకతో వచ్చే తలసీమియా లక్షణం ఉండచ్చు. ఆ లక్షణంలో ఇనుము లోటు లేకుండానే రక్తం తక్కువ చూపిస్తుంది, ఊరికే ఇనుము మింగి లాభం లేదు. కారణం తెలీకుండా ఏ వదిన ఇచ్చిన సీసా అయినా ఒకటే.

మాత్ర వేసుకోమన్నారనుకోండి, మన అలవాట్లే దానికి అడ్డం. అన్నం తిన్న వెంటనే టీ తాగుతామా, ఆ టీ ఇనుమును పట్టనివ్వదు. గంటైనా ఆగాలి. కాల్షియం మాత్రా ఇనుము మాత్రా కలిపి మింగకూడదు. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. కలిపి మింగితే కాల్షియం ఇనుముకి అడ్డుపడుతుంది. అన్నీ ఒకే గుళికలో కుక్కామని గొప్పలు చెప్పే సీసాల సంగతి దీన్నిబట్టి మీరే ఊహించుకోండి. నిమ్మకాయ పిండుకున్నా, జామకాయ తిన్నా, ఉసిరి పచ్చడి నంజుకున్నా ఇనుము బాగా పడుతుంది. కుమార్‌పల్లి మార్కెట్లో జామకాయలకి రంగుల కాగితం వెయ్యరు గనక వాటి మహిమ ఎవరూ చెప్పరు. పాత ఇనప మూకుడు అటక మీంచి దింపి పుంటికూర పప్పు అందులో వండండి. ఆ పులుపుకి మూకుట్లోని ఇనుము కొంత కూరలో దిగుతుంది.

కాల్షియానికి మన దగ్గర నువ్వులున్నాయి. వంద గ్రాముల్లో 1,200 మిల్లీగ్రాములకి పైనే. అంటే ఓ పెద్ద చెంచాడు నువ్వుల్లో ఇంచుమించు వంద మిల్లీలీటర్ల పాలలో ఉన్నంత. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర నువ్వుల సద్ది, పల్లీల సద్ది పంచుకుని తింటాం కదా, మర్నాటి నించి ఆ డబ్బా ఎందుకు ఖాళీ? రాగుల్లోనూ వందకి 350 దరిదాపు ఉంటుంది. అంబలి కాచుకోవడానికి నామోషీ, అదే రాగిపిండి డబ్బాలో పోసి బొమ్మ వేస్తే గౌరవం!

ప్రొటీను డబ్బా గురించి వేరే చెప్పాలా? అదే తార్నాక సంస్థ 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండ పెంచడానికి ప్రొటీను పొడులు వాడొద్దని చెప్పింది. గుడ్డు ఎనిమిది రూపాయలనుకున్నా ఇంట్లో ఇద్దరికి రోజుకొకటి చొప్పున నెలకి 480 దాటదు. ఆ ఇద్దరిలో ఒకరు మీరై ఉండాలని మాత్రం నేను గట్టిగా అంటాను. గుడ్డు తినని ఇళ్ళలో పప్పు, పుట్నాలు, పెరుగు ఉండనే ఉన్నాయి.

రెండు విటమిన్ల విషయంలో మాత్రం వంటింటి వల్ల పూర్తిగా కాదు. బి12 ఆకుల్లో, గింజల్లో ఉండదు. పాలూ పెరుగూ తక్కువగా తీసుకునే శాకాహారులకీ, షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకీ లోటు వస్తుంది. కాళ్ళు తిమ్మిర్లంటే వయసు మీద తోసెయ్యకుండా పరీక్ష చేయించుకోవాలి. రెండోది డి. దీంతో జాగ్రత్త! 60,000 యూనిట్ల పొట్లం వారానికొకటి అని రాసిస్తే, "మంచిదేగా" అని రోజుకొకటి తాగేవాళ్ళున్నారు. డి విటమిను ఒంట్లో పేరుకుపోతుంది. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు పట్టుకుంటాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బి విటమిన్లు ఎక్కువైతే చాలావరకు స్నానాలగది దాకా పోయి ఊరుకుంటాయి. డబ్బే దండగ.

కొత్తగా పెళ్ళయిన అమ్మాయికి పట్టుచీరతో పాటు ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడా పెట్టండి, నవ్వులాటకి అనడం లేదు. బిడ్డ వెన్నుపాము లోపాలు దీనితో చాలావరకు నివారించవచ్చని 1991లో బ్రిటన్ వైద్యపరిశోధన మండలి పరిశోధన తేల్చింది. గర్భం నిలవక ముందు నించే మొదలుపెట్టాలి. నెల తప్పిందని తెలిసేసరికి ఆ లోపం ఏర్పడే రోజులు దాదాపు గడిచిపోతాయి.

ఇంక అట్టల మీది మాటలు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, బోర్న్‌విటా వగైరాలని 'హెల్త్ డ్రింక్' విభాగంలోంచి తీసెయ్యమని ఆన్‌లైన్ అంగళ్ళకి చెప్పింది. అలాంటి మాటకి మన ఆహార చట్టంలో అర్థమే లేదు మరి! ఎన్నేళ్ళు కలిపి తాగించాం! 2025 అక్టోబరులో చక్కెర పానీయాల పేర్లలో 'ఓఆర్‌ఎస్' అనే మాట వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఉత్తర్వులిచ్చింది. దాని వెనక హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటముంది. ఒక్క ఆడది అట్ట మీది మాట చదివి "ఇదేమిటి?" అని అడిగింది, అంతే. మనం సీరియల్లో అత్తగారి నగలు అంత శ్రద్ధగా చూస్తాం, సీసా వెనక అక్షరాలు చూడం. 'ఔషధంగా వాడరాదు' అని దాని మీద వాళ్ళే రాస్తారు తెలుసా?

చివరగా, ఈ ఎర్ర మాత్ర తెచ్చుకుని రెండు రోజులేసుకుని "వేడి చేసిందండీ" అని కిటికీలో పడేసేవాళ్ళకి. విరేచనం నల్లగా అవుతుంది, భయంలేదు. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక రాత్రిపూట వేసుకోండి, మరీ పడకపోతే డాక్టర్ని అడిగి మార్పించుకోండి. హిమోగ్లోబిన్ పెరిగిందని వెంటనే మానెయ్యకూడదు, ఒంట్లో నిల్వ నిండడానికి మరో మూడు నెలలు వాడమంటారు. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. ఎర్రగా, చక్కెర పూతతో ఉంటుంది గనక పసిపిల్లలు చాక్లెట్లనుకుంటారు. ఇనుము మాత్రలు గుప్పెడు మింగితే వాళ్ళకి ప్రాణం మీదికొస్తుంది. ప్రొటీను డబ్బా ఉన్న ఆ పై అరలో పెట్టండి. చోటు చాలకపోతే డబ్బా దింపెయ్యండి.