పసుపు బోర్డు వెనుక వైద్యమూ ఉంది

రాత్రిపూట సైటులో పైపుల వెల్డింగును పరీక్షించేటప్పుడు తాడు కట్టి, పసుపు బోర్డు పెట్టి మనల్ని దూరంగా పంపేస్తారు. ఎక్స్‌రే అంటాం గానీ అందులో ఎక్కువగా వాడేది ఇరీడియం-192. పైకి కనబడని పగులును పట్టిస్తుంది. అందుకే రేడియేషన్ అనగానే మనకు భయం. ఊళ్లో డాక్టరు న్యూక్లియర్ స్కాన్ రాస్తే వద్దని తిరిగొచ్చేవాళ్లూ మనలో ఉన్నారు. సైటులోని సోర్సు వేరు, డాక్టరు లెక్కగట్టి ఇచ్చే కొద్దిపాటి మందు వేరు.

ఆ మందు నరంలోకి ఎక్కిస్తే ఎముకలకో గుండెకో చేరి, ఎక్కడ తేడా ఉందో కెమెరాకు చూపుతుంది. క్యాన్సర్ ఎముకల్లోకి పాకిందా, గుండె కండకు రక్తం అందుతోందా అన్నది తెలుస్తుంది. థైరాయిడ్ జబ్బుకైతే రేడియో అయోడిన్‌తో 1941 నుంచే వైద్యం చేస్తున్నారు.

భయం కన్నా పెద్ద సమస్య, అందకపోవడం. ఎక్కువగా వాడే టెక్నీషియం-99ఎం బలం 6 గంటల్లో సగమైపోతుంది. రెడీమిక్స్ లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఏమవుతుందో మనకు చెప్పక్కర్లేదు. ఇదీ అంతే, నిల్వ పెట్టే సరుకు కాదు. దీన్ని ఇచ్చే మాలిబ్డినం-99 కూడా 66 గంటల్లో సగమవుతుంది. దాన్ని తయారుచేసే రియాక్టర్లు ప్రపంచంలో కొన్నే. 2009-10లో కెనడా, నెదర్లాండ్స్ రియాక్టర్లు ఆగితే ధనిక దేశాల్లోనే పరీక్షలు వాయిదా పడ్డాయి. ఇక పేద దేశాల గతేమిటి? అయితే దక్షిణాఫ్రికా సఫారీ-1 రియాక్టర్‌తో తానే తయారుచేసి విదేశాలకూ పంపుతోంది. అంటే మనబోటి దేశాలకు చేతకాని పనేమీ కాదు.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2022లో ‘రేస్ ఆఫ్ హోప్’ పేరుతో, క్యాన్సర్ వైద్యం సరిగా లేని దేశాలకు యంత్రాలు, శిక్షణ ఇచ్చే పని మొదలుపెట్టింది. మంచిదే. కానీ క్రేన్ తెచ్చి ఆపరేటర్‌ను పెట్టకపోతే పని సాగుతుందా? నిపుణులు, మందు సరఫరా, మరమ్మతు చేసేవాళ్లు కూడా ఉండాలి.

మన దగ్గర హైదరాబాద్ నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో ఈ విభాగాలున్నాయి. జగిత్యాల పల్లె నుంచి హైదరాబాద్ వెళ్లే రోగికి బస్సు ఖర్చు, తోడు మనిషి, పోయిన కూలీ అన్నీ భారమే. ఆ భారం మోసేది ఇక్కడి నుంచి మనం పంపే డబ్బే. జిల్లాల్లోని ప్రభుత్వ బోధనాసుపత్రులకూ గామా కెమెరాలు, వాటిని నడిపే మనుషులు రావాలని మేము కోరుతున్నాం.

మనవాళ్లకు ఒక మాట. అయోడిన్ వైద్యం చేయించుకుని తిరిగొచ్చేటప్పుడు ఆసుపత్రి కాగితం వెంట ఉంచుకోండి. కొన్ని వారాలదాకా ఎయిర్‌పోర్టు యంత్రాలు మోగవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

పైపులో పగులు వెతకడానికి పెట్టే ఖర్చు, మనిషిలో జబ్బు వెతకడానికి పెట్టలేమా?