డోసు లెక్కలో సగం మార్కులు చాలవు

సంపాదకులు గారికి,

నర్సింగ్ విద్యార్థులకు ఫార్మకాలజీ పరీక్ష పెట్టే తీరు గురించి ఒక మాట చెప్పాలని రాస్తున్నాను. వార్డులో పనిచేసి, తర్వాత ట్యూటరుగా రిటైరైన దాన్ని. బడంగ్‌పేట్, నాదర్‌గుల్, బాలాపూర్ వైపు నర్సింగ్ చదివే పిల్లలు పరీక్షల ముందు సందేహాలతో మా ఇంటికి వస్తుంటారు. మందుల వర్గీకరణ, సైడ్ ఎఫెక్టులు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. పది కిలోల పిల్లకు పారాసెటమాల్ సిరప్ ఎన్ని మిల్లీలీటర్లు పోయాలంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వాళ్లను ఏమనగలం? పరీక్షలో ఏది అడిగితే పిల్లలు అదే చదువుతారు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో ఫార్మకాలజీకి మూడో సెమిస్టర్‌లో 20 గంటలు, నాలుగో సెమిస్టర్‌లో 60 గంటలు ఇచ్చారు. డోసు లెక్కలు అంతకుముందే నర్సింగ్ ఫౌండేషన్స్‌లో వస్తాయి. పాఠానికి లోటు లేదు. అయితే పాస్ కావడానికి 50 శాతం మార్కులు చాలు. లెక్క వచ్చిన ప్రశ్నను వదిలేసి, మిగతావి బాగా రాసిన అమ్మాయి దర్జాగా గట్టెక్కుతుంది. రేపు సిరంజి పట్టేదీ ఆ అమ్మాయే.

పై లెక్కే చూడండి. పిల్లలకు పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. పది కిలోల పిల్లకు 150 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు పోయాలి. 250 ఉండే సిరప్ అయితే 3 చాలు. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుండే డ్రాప్స్ అయితే ఒకటిన్నర. సీసా మీది లేబుల్ చూడకుండా ఆ డ్రాప్స్‌నే 6 మిల్లీలీటర్లు పోస్తే బిడ్డ కడుపులోకి వెళ్లేది 600 మిల్లీగ్రాములు, అంటే నాలుగు రెట్లు.

ఇన్సులిన్ సంగతి ఇంకా సున్నితం. మన దగ్గర వయల్‌లో వచ్చేది ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, పెన్నుల్లో వాడేది సాధారణంగా 100 యూనిట్లది. 40 రకానికి ఎర్ర మూత సిరంజి, 100 రకానికి నారింజ మూత సిరంజి. 100 రకం మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే లోపలికి పోయేవి 50 యూనిట్లు. చెమటలు పట్టి, చూస్తుండగానే మనిషి స్పృహ తప్పే పరిస్థితి అది. పొటాషియం క్లోరైడ్‌దీ అదే కథ. 15 శాతం మందున్న పది మిల్లీలీటర్ల యాంపుల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటాయి. దాన్ని సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాలి. నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోవచ్చు.

కాబట్టి నేను కోరేది ఒక్కటే. వార్డు పోస్టింగుకు ముందు ప్రతి విద్యార్థికీ డోసు లెక్కల పరీక్ష విడిగా పెట్టాలి. పాస్ మార్కు నూటికి నూరు ఉండాలి. ఎన్నిసార్లయినా రాయనివ్వండి, ఏడాది పోగొట్టకండి. పాసయ్యేదాకా మాత్రం మందులు ఇవ్వనివ్వకండి. నాగోల్ ట్రాక్ మీద సగం ఎనిమిది వేసినవాడికి ఆర్టీఏ వాళ్లు లైసెన్సు ఇవ్వరు కదా!

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ 2018 నాటి ప్రమాణాల్లో మందుల లెక్కలకు నూరు శాతం మార్కులు తప్పనిసరి చేసింది. మన నర్సులు అక్కడ రిజిస్టర్ కావాలన్నా కంప్యూటర్ పరీక్షలో లెక్కల భాగం విడిగా పాస్ కావాలి. శంషాబాద్‌లో విమానం ఎక్కి వెళ్లే నర్సు అక్కడి రోగి కోసం ఈ లెక్కలు నేర్చుకుంటోంది. ఆ విమానాల మోత కింద కాపురముండే మనకు సూది వేసే నర్సుకు అవి అక్కర్లేదా?

డోసు రాసేది డాక్టరు, నర్సుకు లెక్కలెందుకు అనేవాళ్లున్నారు. డాక్టరు మిల్లీగ్రాముల్లో రాస్తారు. దాన్ని మిల్లీలీటర్లలోకి, చుక్కల్లోకి మార్చేది నర్సే. డాక్టరు రాసిందాంట్లో పొరపాటుంటే ఆపగలిగే చివరి మనిషీ ఆమే. మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ కంపెనీ పరిశోధకులు తెచ్చిన మెథోట్రెక్సేట్‌నే తీసుకోండి. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే ఇవ్వాలి. కేస్ షీట్‌లో రోజూ అని పడితే అడిగే ధైర్యం నర్సుకు ఉండాలి. మందు తెలియనిదే ఆ ధైర్యం రాదు. పైగా కొత్త సిలబస్‌లో మందులు రాయడంపై ప్రాథమిక మాడ్యూల్ కూడా చేర్చారు. బాధ్యత పెంచుతూ పరీక్షను పాత తీరునే వదిలేయడం సబబు కాదు.

పొరపాట్లకు అసలు కారణం చదువు కాదు, పనిభారం అనే మాటలోనూ నిజముంది. రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టర్‌కు వార్డంతా అప్పగిస్తే ఎంత తెలిసినా చెయ్యి తడబడుతుంది. సిబ్బందిని పెంచాల్సిందే. అందుకు బడ్జెట్టూ నియామకాలూ కావాలి. ఈ పరీక్షకు కావలసినవి ఖాళీ వయళ్లు, లేబుళ్లు, సిరంజిలు, ఓ ప్రశ్నపత్రం. మొదటిది వచ్చేదాకా రెండోదాన్ని ఆపనక్కర్లేదు.

కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఈ నిబంధన తెస్తే రాష్ట్రమంతా ఒకే పద్ధతి ఉంటుంది. అంతవరకూ ఆగకుండా కాలేజీలు సొంతంగా మొదలుపెట్టవచ్చు. పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులు కూడా ఫీజు, హాస్టలుతో పాటు ఇంకొకటి అడగాలి: "మా అమ్మాయికి డోసు లెక్కల పరీక్ష విడిగా పెడతారా?"

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సింగ్ ట్యూటర్,
బడంగ్‌పేట్, రంగారెడ్డి జిల్లా