ఒత్తులు వినబడని పాట

కారులో పాట బాగా వినబడాలంటే ఏం చేయించాలని హైదరాబాదులో ఎవరినడిగినా మొదటి జవాబు ఒకటే: "డిక్కీలో ఒక ఊఫర్ పెట్టించండి సార్, అద్దాలు అదిరిపోతాయి." అద్దాలు అదిరే మాట నిజమే. కాని అద్దాలకూ పాటకూ ఏమిటి సంబంధమో ఎంత ఆలోచించినా నాకు బోధపడదు. తెలుగు పాట వినేవాడికి కావలసింది అద్దం కదలడం కాదు, అక్షరం తెలియడం. చేతిలో ఉన్నది నాలుగైదు వేల రూపాయలే అయినప్పుడు అందులో మొదటి రూపాయిని ఊఫరుకు కాక కారు తలుపుకు ఖర్చు పెట్టాలన్నది నా వాదం. వినడానికి విడ్డూరంగా ఉండవచ్చు. అందుకే కారణాలతో సహా మనవి చేస్తాను.

ఈ సంగతిని పరీక్షించడానికి శంషాబాదు దారికి మించినది లేదు. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాదుకు తరలిపోయాక, నగరవాసికి విమానప్రయాణానికి ముందు మరో ప్రయాణం తప్పనిసరి అయింది. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరుచుకుంది. గచ్చిబౌలి వైపు వారికి ఔటర్ రింగు రోడ్డు ఉంది. ఏ దారిన వెళ్ళినా కారులో చాలాసేపు కూర్చోక తప్పదు. ఇక క్యాబు నడిపేవారి సంగతి చెప్పనక్కరలేదు. ఒకరిని దింపాక తిరుగు బేరం దొరికేదాకా పార్కింగులో నిరీక్షణే. ఇంట్లో తీరికగా కూర్చుని పాట వినే అలవాటు సన్నగిల్లిన ఈ రోజుల్లో చాలామందికి మిగిలిన సంగీతశాల కారు ఒక్కటే.

అయితే ఆ సంగీతశాల నాలుగు చక్రాల మీద పరుగెత్తుతూ ఉంటుంది. ఆగి ఉన్న కారులో తేటగా వినిపించిన పాట, వంతెన ఎక్కి వేగం అందుకోగానే మసకబారుతుంది. టైర్లకూ రోడ్డుకూ పుట్టే రొద, వంతెన అతుకుల మీద చక్రాలు పడ్డప్పుడల్లా వచ్చే చప్పుడు, అద్దాల అంచున గాలి హోరు, ఇవన్నీ కలిసి పాట మీద పడతాయి. వీటిలో రోడ్డు రొద ప్రధానంగా మంద్రస్థాయిలో ఉంటుంది. అది మొదట పాటలోని మంద్రాన్ని మింగేస్తుంది. పాట పీలగా తోచి, చెయ్యి అప్రయత్నంగా బేస్ పెంచడానికి పోతుంది. ఇక్కడే అసలు చిక్కు. బిగ్గరగా ఉన్న మంద్రధ్వని తన పైనున్న ధ్వనులను కప్పివేస్తుందన్నది శ్రవణశాస్త్రంలో స్థిరపడిన విషయం. పై ధ్వనులు మంద్రాన్ని అంతగా కప్పలేవు. అంటే పెంచిన బేసు రోడ్డు రొదతో చేతులు కలిపి గాయకుడి నోరు నొక్కేస్తుంది. మాట తెలియడం లేదని మొత్తం ధ్వని పెంచుతాం, దానితోపాటు బేసూ పెరుగుతుంది. ఆ వలయానికి అంతం లేదు.

మాటలో ఏ భాగం ఎక్కడుంటుందో గమనిస్తే నష్టం ఎంతటిదో తెలుస్తుంది. అచ్చుల బలమంతా కింది, నడిమి స్థాయిల్లో ఉంటుంది. హల్లుల గుర్తులు చాలావరకు పైస్థాయిలో ఉంటాయి. సకారంలోని బుస నాలుగు వేల హెర్ట్‌జ్‌లు దాటి ఎనిమిది వేల దాకా పోతుంది. పాత టెలిఫోను 300 నుంచి 3400 హెర్ట్‌జ్‌ల మధ్య ధ్వనిని మాత్రమే మోసేది. అందుకే ఫోనులో పేరు చెప్పేటప్పుడు "స కాదండీ, ఫ" అని రెండుసార్లు చెప్పుకునేవాళ్ళం. మీడియం వేవ్ రేడియోదీ ఇంచుమించు అదే బాధ. ఎఫ్.ఎం. వచ్చాక పదిహేను వేల హెర్ట్‌జ్‌ల దాకా దారి తెరుచుకుంది. అంత దూరం వచ్చిన ధ్వనిని చివరి మూడడుగుల్లో, కారు తలుపు దగ్గర, పోగొట్టుకుంటున్నాం. శ, ష, స ఏకమైపోతాయి. ఖ, థ, ఫ లు తమ ఊపిరిని కోల్పోతాయి. పద్యం కాస్తా మద్యంగా వినబడుతుంది.

ఇక ఖర్చు లేని పనులతో మొదలుపెడదాం. ముందుగా బేసు, ట్రెబులు, లౌడ్‌నెస్ వగైరాలన్నిటినీ సున్నాకు తెచ్చి ఒక వారం వినండి. మొదటి రెండు రోజులు చప్పగా ఉంటుంది, మూడో రోజుకు చెవి కుదుటపడుతుంది. తరువాత పాట ఫైళ్ళు చూడండి. తక్కువ బిట్‌రేటుతో కుదించిన పాటలో మొదట బలయ్యేవి పైస్థాయి ధ్వనులే. సకారం నీళ్ళలో నానినట్టు వినిపిస్తే తప్పు స్పీకరుది కాదు. ఎంత ఖరీదైన స్పీకరూ ఫైలులో లేని అక్షరాన్ని పలికించలేదు.

మూడోది ధ్రువత్వం. రెండు స్పీకర్లలో ఒకదానికి తీగలు తారుమారైతే ఒకటి గాలిని నెట్టే క్షణంలో మరొకటి లాగుతుంది. మంద్రం పల్చబడి, గొంతు చోటు తెలియకుండా చెదిరిపోతుంది. దీన్ని కనిపెట్టడానికి మన పాత సినిమా పాటకు మించిన పరికరం లేదు. ఘంటసాల తరం పాటలు చాలావరకు మోనోలో రికార్డయినవి, అంటే రెండు వైపులా ఒకే ధ్వని. బ్యాలెన్సు నడిమికి పెట్టి, ముందు సీట్ల మధ్యకు తల వంచి వినండి. గొంతు డ్యాష్‌బోర్డు మధ్య నిలబడితే తీగలు సరిగా ఉన్నట్టే. అనుమానం తీరకపోతే స్పీకరు తీగలు విప్పి, ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించి చూడండి. బ్యాటరీ ప్లస్సు స్పీకరు ప్లస్సుకు తగిలితే కోను ముందుకు రావాలి.

ఇప్పుడు తలుపు సంగతి. స్పీకరు కోను ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది, వెనకున్న గాలి పల్చబడుతుంది. ఈ రెండు అలలూ కలిస్తే మంద్రధ్వనులు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఇంట్లో స్పీకరుకు పెట్టె ఉండేది అందుకే. కారులో ఆ పెట్టె తలుపే. తలుపు లోపలి రేకుకు మరమ్మతుల కోసం వదిలిన పెద్ద పెద్ద కంతలు ఉంటాయి. చాలా కార్లలో వాటిమీద పల్చటి ప్లాస్టిక్ కాగితం తప్ప మరేమీ ఉండదు. కంతల కుండలో నీళ్ళు పోసి నిండలేదని బిందె మార్చినట్టుంది మన ఊఫర్ల వ్యవహారం. ఆ కంతలను గట్టి రేకుతో మూసి, దానిమీద, తలుపు బయటి రేకు లోపలి వైపున బ్యుటైల్ డ్యాంపింగ్ షీటు అంటించాలి. స్పీకరు చుట్టూ ఫోము రింగు పెట్టి మరలు బిగించాలి. తలుపు అడుగున వాననీరు పోయే రంధ్రాలను మాత్రం మూయకూడదు, మూస్తే రేకు తుప్పు పడుతుంది. అద్దం దిగే దారికీ, తాళం కడ్డీలకూ షీటు అడ్డు రాకూడదు. ఇంతా చేస్తే ఉన్న స్పీకరులోనే బేసు పుట్టుకొస్తుంది, తలుపు గిలకలు తగ్గుతాయి, బయటి రొదా కొంత తగ్గుతుంది. ఒక్క ఖర్చుతో ఇన్ని ప్రయోజనాలిచ్చే పని కారు ఆడియోలో మరొకటి లేదు.

ఆ తరువాతే కొత్త స్పీకర్లు. అవి కూడా ముందు తలుపులకు ఒక్క జత చాలు. కంపెనీ ఇచ్చిన కాగితపు కోను స్పీకరుకు ట్వీటరు లేకపోతే, నడుమ ట్వీటరున్న కోయాక్సియల్ జతకు మారినప్పుడే అక్షరాలు తేటపడతాయి. పెద్ద బ్రాండ్లలోనూ సుమారు రెండు మూడు వేలకు అలాంటివి దొరుకుతున్నాయి. వీలైతే ట్వీటరు విడిగా ఉన్న కాంపొనెంట్ జత తీసుకుని, ట్వీటర్లను అద్దం మూల దగ్గర పైన బిగించండి. పైస్థాయి ధ్వని టార్చిలైటులా తిన్నగా పోతుంది. తలుపు అడుగున ట్వీటరు పెట్టి మనం ఇన్నాళ్ళూ పాట వినిపిస్తున్నది మోకాళ్ళకు!

కోఠి గుజరాతీ గల్లీకో రాణీగంజుకో వెళ్ళినప్పుడు పెట్టె మీది వాట్ల అంకె చూసి మోసపోవద్దు. స్టీరియో మీద "4×50" అని ఉన్నా నిలకడగా ఇచ్చేది ఒక్కో స్పీకరుకు పదిహేను, ఇరవై వాట్లే. చూడవలసిన అంకె సెన్సిటివిటీ. 89 డెసిబెల్ స్పీకరు బదులు అదే పద్ధతిలో కొలిచిన 92 డెసిబెల్ స్పీకరు తీసుకుంటే, స్టీరియో శక్తిని రెట్టింపు చేసినంత ఫలితం పైసా అదనపు ఖర్చు లేకుండా వస్తుంది. తీగలు కోయనివ్వకండి. మీ కారు నమూనాకు సరిపడే కప్లర్ అడగండి. వారంటీ తగాదా ఉండదు, కారు అమ్మేనాడు పాతవి తిరిగి పెట్టుకోవచ్చు.

"డప్పు మోగకపోతే అదేం పాట?" అని తెలంగాణ మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తీన్మారు దరువుకు మంద్రం కావాలి, కాదనను. కాని డప్పు అందం చిటికెన పుల్ల, సిర్ర పుల్ల తోలు మీద పడే ఆ తెగువలో ఉంది. ఒక దెబ్బ ఆగి మరో దెబ్బ మొదలవ్వాలి. కంతల తలుపులోనూ, చవక పెట్టె ఊఫరులోనూ దెబ్బలన్నీ కలిసి ఒకే మూలుగుగా మారతాయి. మూసిన తలుపు దరువుకూ మేలే చేస్తుంది. ఆ పైన డబ్బు మిగిలితే ఊఫరు పెట్టించుకోండి, నాకు అభ్యంతరం లేదు. నేను తగువులాడుతున్నది వరుసక్రమం గురించే.

చెవుల మాట కూడా చెప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెళ్ళ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 డెసిబెళ్ళయితే నాలుగు గంటలే. రోజంతా కారులోనే గడిపే డ్రైవరు ఆ నాలుగు గంటలనూ సోమవారం మధ్యాహ్నానికే ఖర్చు చేసుకుంటాడు. అతడిని ఇయర్‌ఫోను పెట్టుకోమనలేం, వెనక వచ్చే అంబులెన్సు వినబడాలి. తక్కువ ధ్వనిలోనే మాట తెలిసేలా చేయడం ఒక్కటే అతడికి మార్గం. ఇది సంగీతాభిరుచి విషయం కాదు, వృత్తిలో పడే గాయం విషయం.

చివరిగా వెనక సీటు గురించి. ఆ సీట్లో కూర్చునే మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, లేదా కూడబలుక్కుని చదువుతారు. వారికి కావ్యభాష అందే దారి చెవి ఒక్కటే. సమాసం, సంధి, ఒక అరుదైన మాట, అన్నీ పాటలోంచి, పద్యంలోంచి చేరాలి. పుస్తకంలో అచ్చుతప్పు పడితే మనమంతా గగ్గోలు పెడతాం. నాలుగేళ్ళ పిల్ల రోజూ కారులో ఒత్తులు ఎగిరిపోయిన పాట విని, అదే తెలుగనుకుని నేర్చుకుంటే అది అచ్చుతప్పు కాదా? పైగా ఈ తప్పును దిద్దడానికి పండితుడు అక్కరలేదు. ఒక షీటు, నాలుగు మరలు, ఒక ఆదివారం పూట చాలు.

మీ కారులో మీకు బాగా తెలిసిన పద్యం ఒకటి పెట్టి, వంతెన మీద వెళుతూ, ధ్వని పెంచకుండా వినండి. ఏయే అక్షరాలు జారిపోయాయో లెక్కపెట్టి ఇక్కడ రాయండి. ఊఫరు పక్షం వారికీ స్వాగతమే. కాకపోతే కాస్త మెల్లగా, మాట తెలిసేలా వాదించాలని ప్రార్థన.