కాళ్ళ కింది నేల కాంట్రాక్టరు సొత్తా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో బావులు తవ్విన కూలీని అడగండి. "పైన రేగడి, దాని కింద సున్నపురాళ్ళు, ఆ కింద గరుసు" అని లెక్క చెబుతాడు. మన్ను రంగు మారితే "ఈడ నేల మారిందన్నా" అని పైకి కేక వేస్తాడు. ఆ కేకలో వేల యేండ్ల చరిత్ర వుంది.

మన సీమకు మంచుగడ్డలు రాలేదు. కానీ ఉత్తర ఖండాల మీద, హిమాలయాల్లో మంచు పెరిగిన కాలాల్లో ఇక్కడ నైరుతి వానలు సన్నగిల్లినాయి. గడ్డీ చెట్టూ పలచబడినాయి. మంచు కరిగి భూమి వెచ్చబడిన కాలాల్లో వానలు బలపడినాయి. రాయి చివికి, ఆకూ వేరూ కుళ్ళి కొత్త నేల తయారైంది. వాననీటిలో కరిగిన సున్నం కిందికి దిగి, ఎండలకు గడ్డకట్టింది. రేగడి కింద పలుగుకు తగిలే సున్నపురాళ్ళు అట్లా పుట్టినవే. తర్వాత యేరు పొంగి వండ్రు కప్పితే ఆ నేల పూడిపోయింది. వండ్రు కింద మళ్ళీ ముదురు మన్ను, అందులో వేళ్ళ జాడలు కనిపిస్తే, అది ఒకనాడు పచ్చగా బతికిన నేల. చివరి గట్టి మంచుకాలం సుమారు 20 వేల యేండ్ల కిందటిది. ఇప్పటి వెచ్చని కాలం మొదలై 11,700 యేండ్లే అయింది.

సాక్ష్యం దూరాన లేదు. నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గర జ్వాలాపురం వుంది. అక్కడి జుర్రేరు నీళ్ళు కుందూలోకి, కుందూ నీళ్ళు మన పెన్నలోకి చేరతాయి. సుమారు 74 వేల యేండ్ల కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలితే, ఆ బూడిద వచ్చి ఈ లోయలో మేట వేసింది. బూడిద కింద పూడిన మట్టిలోనూ, పైమట్టిలోనూ మనుషులు చెక్కిన రాతి పనిముట్లు దొరికాయని రవి కోరిశెట్టర్, ఆయనతో పనిచేసిన దేశవిదేశాల పరిశోధకులు 2007లో ప్రకటించారు. నేల పూడకముందే దాని మీద పనిచేసే చేతులున్నాయన్న మాట! అంతటి సాక్ష్యాన్ని పాత్రలు తోమే పొడి కోసం తవ్వి అమ్ముకున్నారు.

చేల పైమన్నుకూ ఇదే గతి పడుతున్నది. అప్పు తీరని చిన్న రైతు మన్ను అమ్ముకుంటాడు. ట్రాక్టర్లు దాన్ని ఇటుక బట్టీకి తోలుకుపోతాయి. లాభం కాంట్రాక్టరుది, మిగిలిన గుంత రైతుది, ఆ చేలో కలుపు కూలి, కోత కూలి పోగొట్టుకునేది మన ఆడకూలీలు. తట్ట మోసే కూలీతో మనకు తగువు లేదు. అతని చేతికి ఆ పని తప్ప మరో పని లేకుండా చేసిన వారితోనే తగువు.

2002 నాటి వాల్టా చట్టం పేరులో నీటితో, చెట్టుతో పాటు భూమి కూడా వుంది. ఆ మాటను అమలు చేయించాలి. గ్రామసభ ఒప్పుకోనిదే చేను మన్ను పొలిమేర దాటరాదని మేము కోరుతున్నాం. చిన్న రైతుకు బ్యాంకు అప్పు, కూలీకి ఏడాది పొడుగునా ఉపాధి పని దొరికితే మన్ను అమ్ముకునే గతి పట్టదు. వున్న అప్పు ఎప్పటికైనా తీర్చుకోవచ్చు. పోయిన నేల మన మనవళ్ళ కాలానికీ తిరిగి పుట్టదు.